ఇథియోపియాలో చేసిన ఉద్యోగం, ధ్రువపత్రంలో మాయమైన ఏడేళ్లు

కావలి_లెక్చరర్
నేను 2010 అక్టోబరు నుంచి 2016 జూలై వరకు ఇథియోపియాలో, తానా సరస్సు ఒడ్డున ఉన్న బహిర్ దార్ పట్టణంలో ఇంజనీరింగు విద్యార్థులకు పాఠాలు చెప్పాను. ఇప్పుడు మన జిల్లాలోనే ఒక కళాశాలలో ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, అక్కడి గుమస్తా నా అనుభవ ధ్రువపత్రాన్ని తిప్పి పంపారు. పత్రం ఇంగ్లీషులోనే ఉంది కానీ, చేరిన తేదీ తిక్మిత్ 1, 2003 అనీ, మానిన తేదీ సెనె 30, 2008 అనీ రాసి ఉంది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "2003లో మీరు బీటెక్ మొదటి సంవత్సరంలో ఉన్నారు కదండీ, అప్పుడే లెక్చరర్ ఎలా అయ్యారు?" అని అడిగారు. తిక్మిత్ అనే నెల ఏ పంచాంగంలో ఉందో చెప్పమని, పక్క బల్ల దగ్గరి వాళ్లను కూడా పిలిచి చూపించారు. ఆ దేశపు సంవత్సరాల లెక్క వేరని నేను ఎంత చెప్పినా, దొంగ పత్రం తెచ్చినవాడు చెప్పే కథలాగే విన్నారు. ఇలాంటి చిక్కు ఎవరికైనా వచ్చిందా? వస్తే ఎలా బయటపడ్డారు?

గూడూరు_జంక్షన్
ఆ దేశం వెళ్తే వయసు ఏడేళ్లు తగ్గుతుందని వాట్సాప్‌లో చదివి నమ్మలేదు. తగ్గిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను.

ఉదయగిరి_మాస్టారు
గుమస్తాగారిని పూర్తిగా తప్పుపట్టలేము, అయితే లెక్క మాత్రం కష్టమైనది కాదు. ఇథియోపియాలో కొత్త సంవత్సరం మన సెప్టెంబరు 11న మొదలవుతుంది, నాలుగేళ్లకొకసారి 12న వస్తుంది. ఆ రోజు నుంచి డిసెంబరు 31 వరకు వాళ్ల సంవత్సరానికి 7 కలపాలి, జనవరి 1 నుంచి సెప్టెంబరులో వాళ్ల సంవత్సరం ముగిసే దాకా 8 కలపాలి. తిక్మిత్ వాళ్లకు రెండో నెల కనుక 2003కు 7 కలిపితే 2010 అక్టోబరు వస్తుంది. సెనె పదో నెల కనుక 2008కి 8 కలిపితే 2016 వస్తుంది. మీరు చెప్పిన తేదీలకు ఇవి అక్షరాలా సరిపోతున్నాయి.

తేడా ఎందుకు వచ్చిందంటే, క్రీస్తు అవతరించిన సంవత్సరం ఏదన్న విషయంలో పాతకాలపు సన్యాసులకు ఏకాభిప్రాయం లేదు. ఐదో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన అన్నియానోస్ కట్టిన లెక్కను ఇథియోపియా నిలుపుకుంది. ఆరో శతాబ్దంలో రోములో డయొనీసియస్ కట్టిన లెక్క యూరప్‌కూ, యూరప్ ద్వారా మనకూ వచ్చింది. 1582లో పోప్ గ్రెగరీ చేసిన సవరణను కూడా ఇథియోపియా తీసుకోలేదు. అందుకే 2000 సంవత్సరం వచ్చిందన్న సంబరాన్ని వాళ్లు మన 2007 సెప్టెంబరు 12న జరుపుకున్నారు.

ఒంగోలు_గిత్త
వాళ్లకు ఏడాదికి పదమూడు నెలలని విన్నాను. అదే నిజమైతే జీతం కూడా పదమూడు సార్లు ఇస్తారా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వస్తే నేనూ దరఖాస్తు చేస్తాను.

కావలి_లెక్చరర్
ఒంగోలు గారూ, పన్నెండు నెలలు సరిగ్గా ముప్పై రోజులే ఉంటాయి. మిగిలిన ఐదు రోజులను పగుమె అనే పదమూడో నెలగా లెక్కిస్తారు, నాలుగేళ్లకొకసారి అది ఆరు రోజులవుతుంది. ఆ ఐదు రోజులకు నాకు విడిగా జీతం రాలేదు. వాళ్ల పర్యాటక శాఖ మాత్రం "పదమూడు నెలల ఎండ" అని చాలాకాలం ప్రచారం చేసుకుంది.

మార్కాపురం_పలక
మాస్టారు కారణం చక్కగా చెప్పారు కానీ, ప్రపంచమంతా ఒక దారిలో నడుస్తుంటే ఒక్క దేశం వేరే లెక్క పట్టుకుని కూర్చోవడంలో అర్థమేమిటో నాకు తెలియడం లేదు. ఇదిగో, చివరికి ఒక ఉద్యోగి బతుకు మీదికి వచ్చింది.

ఉదయగిరి_మాస్టారు
పలక గారూ, మన ప్రభుత్వ రాజపత్రం మొదట్లో తేదీ పక్కన చూడండి, శక సంవత్సరం వేసి ఉంటుంది. 1957లో దాన్ని జాతీయ పంచాంగంగా తీసుకున్నారు. ఆ లెక్కలో మనం 78 ఏళ్లు వెనక ఉన్నాం. ఇథియోపియా ఏడెనిమిది ఏళ్లే వెనకబడింది.

మార్కాపురం_పలక
శక సంవత్సరం రాజపత్రంలో ఉంటుంది, నా ఉద్యోగ ధ్రువపత్రంలో ఉండదు. నా అభ్యంతరమంతా అక్కడే.

కావలి_లెక్చరర్
సంవత్సరం సంగతి మీకు ఇంత వింతగా ఉంటే గడియారం సంగతి విని ఏమంటారో. అక్కడ రోజు అర్ధరాత్రి మొదలు కాదు, తెల్లవారితే మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకు పగటి ఒంటి గంట, మన మధ్యాహ్నం పన్నెండు వాళ్లకు ఆరు. సాయంత్రం ఏడుకు మళ్లీ రాత్రి ఒంటి గంట మొదలవుతుంది. వెళ్లిన మొదటి నెలలోనే గోందర్ కోటలు చూద్దామని బస్సు టికెట్టు కొన్నాను. "ఒంటి గంటకు రండి" అన్నారు. తీరుబడిగా వంట చేసుకుని, తిని, పన్నెండున్నరకు వెళ్తే స్టాండు ఖాళీగా ఉంది. టీ అమ్ముతున్న అమ్మాయి నా టికెట్టు చూసి, ఉదయమే వెళ్లిపోయిందని చెయ్యి కొండల వైపు చూపింది. ఆ తర్వాత ఒక విద్యార్థి చిట్కా నేర్పాడు. ముళ్ల గడియారంలో గంటల ముల్లు ఎక్కడ ఉంటే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చదవాలి. ఏడు మీద ఉంటే ఒకటి, తొమ్మిది మీద ఉంటే మూడు.

ఉదయగిరి_మాస్టారు
ఇది మనకు కొత్తగా తోచకూడదు. పంచాంగంలో సూర్యోదయాది ఘడియలు అని ఉంటాయి కదా. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు, లెక్క మొదలయ్యేది పొద్దుపొడుపుతోనే. ఇథియోపియా భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఏడాది పొడవునా పగలూ రాత్రీ ఇంచుమించు సమానంగా ఉంటాయి, అందుకే పొద్దుపొడుపును గడియారానికి మేకుగా కొట్టుకోవడం వాళ్లకు సాధ్యమైంది. కెన్యా, టాంజానియాల్లో స్వాహిలీ మాట్లాడేవారు కూడా గంటలను ఇలాగే చెబుతారు.

మార్కాపురం_పలక
మాస్టారూ, మనం ఘడియలను పెళ్లి ముహూర్తానికి వాడతాం, ఆర్టీసీ బస్సుకు వాడము.

గూడూరు_జంక్షన్
ఆర్టీసీ బస్సుకు ఏ లెక్క వాడతారో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

నెల్లూరు_కారందోసె
ఈ చర్చలో ఇంజెర ప్రస్తావన ఇంకా రాకపోవడం అన్యాయం. మా వారు కూడా అక్కడే పాఠాలు చెప్పడం వల్ల నేను మెకెలె పట్టణంలో మూడేళ్లు కాపురం చేశాను. మొదటిసారి ఇంజెర చూడగానే మా ఇంటి దోసెకు పెద్దక్క అనుకున్నాను, పక్కింటి ఆమె పోస్తుంటే పక్కన కూర్చుని చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

పిండి టెఫ్ అనే ధాన్యానిది. ఆ గింజ మన రాగి గింజ కన్నా చాలా చిన్నది, ఒక్క గోధుమ గింజ బరువు తూగాలంటే నూట యాభై దాకా టెఫ్ గింజలు కావాలంటారు. పప్పు కలపరు, నానబెట్టి రుబ్బరు, పిండినే నీళ్లతో కలిపి, వెనకటి పిండి మీద తేరిన పసుపు రంగు నీటిని తోడుగా వేస్తారు. దాని పేరు ఎర్షో. రెండు మూడు రోజులు పులిశాక అంత పెద్ద మట్టి పెనం మీద పోస్తారు. మనం గరిటెతో నడిమధ్య పోసి అంచులకు తిప్పుతాం కదా, ఆమె అంచు నుంచి మొదలుపెట్టి సన్నని ధారతో గుండ్రంగా తిరుగుతూ నడిమధ్యకు వచ్చింది. వెంటనే మూత వేసింది. తిరగేయదు, నూనె చుక్క వేయదు. మూత తీసేసరికి పైన అంతా చిల్లులు లేచి ఉన్నాయి, వాటిని కళ్లు అంటారు. కళ్లు సరిగ్గా పడకపోతే మన దోసె పెనానికి అంటుకుపోయినంత నామోషీ అనుకుంటారు.

పళ్లెం, విస్తరి, రొట్టె అన్నీ అదే. దాని మీదే కూరలు వడ్డిస్తారు, చుట్టూ కూర్చుని తుంచుకుని తింటారు, చివరికి విస్తరిని కూడా తినేస్తారు.

ఒంగోలు_గిత్త
అక్కా, కారం ఉంటుందా? మాకు ముందు ఆ మాట చెప్పాలి.

నెల్లూరు_కారందోసె
బెర్బెరె అని ఒక మిరపకారపు పొడి ఉంటుంది తమ్ముడూ, అందులో ఎండుమిర్చితో పాటు అల్లం, వెల్లుల్లి, మెంతులు, యాలకులు వంటివి కలుపుతారు. మనవాళ్లు కళ్లు తుడుచుకోకుండా తినగలిగిన విదేశీ భోజనం నాకు తెలిసి అదొక్కటే. గౌరవించదలిస్తే ముద్ద చేసి మన నోట్లో పెడతారు, దాని పేరు గుర్షా. పక్కింటి ఆమె మా వారికి గుర్షా పెట్టబోతే ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

సంతపేట_శాకాహారి
ఇవన్నీ మాంసం తినేవారి ముచ్చట్లు. నాలాంటివాడు అక్కడ అరటిపండ్లతో బతకాలి కాబోలు.

కావలి_లెక్చరర్
ఆ భయం అక్కర్లేదు. ఇథియోపియా ఆర్థడాక్సు సంఘం వారు బుధవారం, శుక్రవారం ఉపవాసం పాటిస్తారు, ఈస్టరుకు ముందు సుమారు యాభై అయిదు రోజులు పాటిస్తారు, ఇంకా వేరే ఉపవాసాలూ ఉన్నాయి. నిష్ఠగా ఉండేవారికి ఏడాదిలో సగం రోజులకు పైగా ఉపవాసమే. ఆ రోజుల్లో మాంసంతో పాటు పాలు, నెయ్యి, గుడ్లు కూడా ముట్టరు. హోటల్లో "త్సోమ్" అన్నామంటే పప్పులు, సెనగపిండి కూర, క్యాబేజీ, బీటురూటు ఇంజెర మీద తెచ్చి పెడతారు. నేను అక్కడ ఉన్న ఆరేళ్లలో శాకాహారం అడిగితే వింతగా చూసినవారు లేరు, ఈ రోజు ఉపవాసమా అని మాత్రం అడిగేవారు.

కందుకూరు_కాఫీ
కాఫీ పుట్టింది అక్కడే కదా, ఆ ముచ్చట లేకుండా ముందుకు ఎలా వెళ్తున్నారు? మేకలు కాఫీ పండ్లు తిని గంతులు వేస్తుంటే కాల్ది అనే కాపరి కనిపెట్టాడన్న కథ నిజమేనా?

ఉదయగిరి_మాస్టారు
కథ కథే, దానికి చారిత్రక ఆధారం లేదు. అరబికా కాఫీ మొక్క ఇథియోపియా అడవులకు చెందినదన్నది మాత్రం నిజం. నైరుతి ఇథియోపియాలో కఫా అనే ప్రాంతం ఉంది.

నెల్లూరు_కారందోసె
కాఫీకి పిలిస్తే గంటన్నర సమయం పెట్టుకుని వెళ్లాలి. నేల మీద పచ్చగడ్డి పరుస్తారు, పక్కన సాంబ్రాణి వేస్తారు, పచ్చి గింజలను మన ఎదుటే వేయించి ఆ పొగను అందరి ముక్కుల దగ్గరికీ తీసుకువస్తారు. దంచి, జెబెన అనే మట్టి కూజాలో కాచి, చెవులు లేని చిన్న గిన్నెల్లో పోస్తారు. మూడు విడతలు ఇస్తారు, అబోల్, తోన, బరక అని వాటికి పేర్లు. మూడోది తాగకుండా లేవకూడదు. నంజుడు పేలాలు. అవును కందుకూరు గారూ, కాఫీలోకి పేలాలు.

అద్దంకి_అక్షరం
వాళ్ల లిపి గురించి ఎవరూ చెప్పలేదు. అమ్‌హారిక్ భాషకు గుణింతం ఉందని చదివాను, నిజంగా మన గుణింతం లాగే ఉంటుందా?

కావలి_లెక్చరర్
ఉంటుంది, నాకు ఆ దేశంలో అన్నిటికన్నా నచ్చినది అదే. ఆ లిపిని ఫిదెల్ అంటారు. అక్షరం ఒక్కొక్కదానికి ఏడు రూపాలు ఉంటాయి, ల, లు, లి, లా, లే, ల్, లో అని వరుస. ముప్పై మూడు అక్షరాలకు ఏడేసి చొప్పున 231 వస్తాయి. మనం ఓనమాలు అన్నట్లు వాళ్లు "హ హు" అంటారు. నేను అద్దెకున్న ఇంటి పిల్లవాడు గోడకు వేలాడదీసిన పటం ముందు నిలబడి పుల్లతో చూపిస్తూ ఆ వరుసను రాగం తీసి చదివేవాడు. మా నాయనమ్మ పలక మీద నా చేత క కా కి కీ దిద్దించిన రోజులు గుర్తొచ్చి, వాడి పక్కనే నిలబడి నేనూ చదివాను. నెల తిరిగేసరికి దుకాణాల బోర్డులు కూడబలుక్కోగలిగాను. అర్థం తెలిసేది కాదు, అది వేరే సంగతి.

మార్కాపురం_పలక
ఈ విషయంలో మాత్రం ఆ దేశానికి నా పూర్తి మద్దతు ఉంది. పలకలు ఏమైనా కావాలంటారా?

చీమకుర్తి_రాయి
మాది రాతి వ్యాపారం కనుక నాకు తెలిసిన ఒక్క ముచ్చట చెబుతాను. అక్కడ లాలిబెల అనే ఊళ్లో పదకొండు చర్చీలను రాతిలో తొలిచారు. 1978లో యునెస్కో తన మొట్టమొదటి జాబితాలోనే ఆ చర్చీలను చేర్చింది. మన భైరవకోనలో కొండను ఎదుటి నుంచి లోపలికి తొలిచి ఎనిమిది గుళ్లు చేశారు. లాలిబెలలో సెయింట్ జార్జి చర్చి అలా కాదు, నేల మట్టం నుంచి కిందికి తొలిచారు. ముందు చుట్టూ కందకం తవ్వి మధ్యలో ఒక దిమ్మెను వదిలిపెట్టారు, ఆ దిమ్మెను పైనుంచి శిలువ ఆకారంలో చెక్కుకుంటూ, కిటికీలు, తలుపులు, లోపలి గదులు మలుస్తూ దిగారు. సుమారు 12 మీటర్ల లోతు ఉంటుంది. దగ్గరికి వెళ్లేదాకా అక్కడ కట్టడం ఉన్నట్లే తెలియదు, ఎందుకంటే దాని పైకప్పు నేలతో సమానంగా ఉంటుంది.

మేము గ్రానైటు దిమ్మెలో ఒక పగులు చూడకుండా కోశామంటే ఆ దిమ్మె పక్కన పడేసి ఇంకొకటి తెచ్చుకుంటాం. వాళ్లకు ఇంకొకటి లేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందట, సుత్తీ ఉలీ పట్టుకుని, ఒక్క స్తంభం విరిగినా మళ్లీ అతికించే వీలు లేని పనికి దిగిన మేస్త్రి ఎవరో గానీ, రాత్రుళ్లు ఆయనకు నిద్ర పట్టి ఉండదు.

కావలి_లెక్చరర్
చీమకుర్తి అన్నా, నేను ఆ కందకంలో దిగి గోడను చేత్తో తడిమాను. ఉలి గాట్లు ఇంకా వేళ్లకు తగులుతాయి.

గూడూరు_జంక్షన్
నాకు తెలిసిన వింత కూడా ఒకటి ఉంది. మెనెలిక్ రాజు అమెరికా నుంచి విద్యుత్ కుర్చీలు తెప్పించాడట, తీరా వచ్చాక దేశంలో కరెంటు లేదని తెలిసి, ఒకదాన్ని సింహాసనంగా వాడుకున్నాడట.

ఉదయగిరి_మాస్టారు
వింతల పుస్తకాలన్నీ ఆ కథను ఒకదాని నుంచి ఒకటి ఎత్తి రాసుకున్నాయే తప్ప దానికి నమ్మదగిన ఆధారం దొరకలేదు. మెనెలిక్ గురించి చెప్పాలంటే నిజమైన సంగతే పెద్దది. 1896 మార్చి 1న అద్వా దగ్గర ఆయన సైన్యం ఇటలీ సైన్యాన్ని ఓడించింది. ఆ యుద్ధంలో రాణి తైతు కూడా తన బలగంతో ఉన్నారు. ఆఫ్రికాలో చాలా భాగం యూరప్ వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతున్న కాలంలో అది చిన్న విషయం కాదు.

సంతపేట_శాకాహారి
అయితే ఎన్నడూ పరాయి పాలనలోకి వెళ్లని దేశం అన్నమాట.

అద్దంకి_అక్షరం
పూర్తిగా కాదు. 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆక్రమణలో ఉంది. వలసగా స్థిరపడనివ్వలేదు అనడం సబబుగా ఉంటుంది. ఆ తర్వాత 1960లో అబెబె బికిల అదే ఇటలీ రాజధాని వీధుల్లో చెప్పులు లేకుండా పరుగెత్తి ఒలింపిక్ మారథాన్ గెలిచాడు. మెనెలిక్ కుర్చీ కన్నా ఇది మంచి కథ, పైగా నిజం.

కందుకూరు_కాఫీ
హైదరాబాదులో హబ్సిగూడ పేరు కూడా అటువైపు నుంచి వచ్చిన హబ్షీల వల్లనే వచ్చింది. దక్కనులో అహ్మద్‌నగర్ సుల్తానులకు అండగా నిలిచిన మాలిక్ అంబర్ కూడా ఆ గడ్డ మీద పుట్టినవాడే.

నెల్లూరు_కారందోసె
లెక్చరర్ గారూ, మీ పత్రంలో పేరు సరిగ్గా ఉందా? మా వారి పత్రంలో తేదీ కన్నా పేరుతోనే ఎక్కువ తంటా వచ్చింది. అక్కడ ఇంటి పేరు అనేది ఉండదు. ముందు తన పేరు, తర్వాత తండ్రి పేరు, అవసరమైతే తాత పేరు, అంతే. పెళ్లయినా ఆడవారి పేరు మారదు.

కావలి_లెక్చరర్
బాగా గుర్తు చేశారు. మన పద్ధతిలో ఇంటి పేరు ముందు రాసినందుకు ఆరేళ్లూ నన్ను ఇంటి పేరుతోనే పిలిచారు. వాళ్ల లెక్కలో నా అసలు పేరు మా నాన్నది అయింది. ఒకసారి కార్యాలయంలో "మీ నాన్నగారు బాగున్నారా" అంటూ నా పేరే చెప్పి అడిగారు, బాగున్నారని చెప్పాను.

మొదటి వారం ఇంకొకటి జరిగింది. పాఠం అర్థమైందా అని అడిగితే ముందు వరుసలోని అమ్మాయి నోటితో గబుక్కున గాలి లోపలికి పీల్చింది. ఉబ్బసమేమోనని పాఠం ఆపి మంచినీళ్లు తెప్పించాను. అక్కడ అవునని చెప్పడానికి అలా శ్వాస లోపలికి తీస్తారట. తరగతి అంతా నవ్వారు, ఆ అమ్మాయి మాత్రం మర్యాదగా నీళ్లు తాగింది.

ఒంగోలు_గిత్త
అసలు సమస్య గాలికి పోయింది. ఆయనకు ఉద్యోగం రావాలంటే ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

నెల్లూరు_కారందోసె
అక్కడి కాగితాల్లో తేదీ పక్కన చిన్న అక్షరాలతో ఇ.సి. అని గానీ జి.సి. అని గానీ వేస్తారు. మొదటిది ఇథియోపియా లెక్క, రెండోది మనం వాడే గ్రెగోరియన్ లెక్క. మా వారికి రెండు తేదీలూ వేసి ఇచ్చారు కనుక ఇబ్బంది రాలేదు. మీ పత్రంలో ఇ.సి. అని ఎక్కడో ఒక చోట ఉండి తీరాలి, చూడండి.

కావలి_లెక్చరర్
మీ మాట మీద పత్రాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. విశ్వవిద్యాలయం వారి ఊదారంగు గుండ్రని ముద్ర సరిగ్గా తేదీ చివర మీద పడింది. ఆ సిరా కింద ఇ, చుక్క, సి కనబడుతున్నాయి! పదేళ్లుగా ఆ కాగితం నా బీరువాలోనే ఉంది, నేనే చూసుకోలేదు.

ఉదయగిరి_మాస్టారు
దానితో పాటు మీ పాస్‌పోర్టులోని రాకపోకల ముద్రలు, జీతం జమయిన బ్యాంకు కాగితాలు జత చేయండి. రెండు లెక్కల తేదీలూ వేసి కొత్త పత్రం పంపమని విశ్వవిద్యాలయానికి ఈమెయిలు కూడా పెట్టండి. గుమస్తాగారికి మీ నోటి మాట అక్కర్లేదు, కాగితం కావాలి, అది న్యాయమే.

మార్కాపురం_పలక
మాస్టారి మాటతో మొదటిసారి ఏకీభవిస్తున్నాను.

కావలి_లెక్చరర్
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పాస్‌పోర్టు ముద్రలు చూసి గుమస్తాగారు మెత్తబడ్డారు. భూతద్దం తెప్పించుకుని ముద్ర కింది అక్షరాలు చదివారు, నెలల పేర్లు పదమూడూ తన డైరీలో రాసుకున్నారు, పిల్లలకు చెబుతారట. విశ్వవిద్యాలయం నుంచి కూడా జవాబు వచ్చింది, కొత్త పత్రం పంపుతామన్నారు. ప్రిన్సిపాలు గారితో మాట్లాడడానికి సోమవారం ఒంటి గంటకు రమ్మన్నారు.

గూడూరు_జంక్షన్
ఎవరి ఒంటి గంట?

కావలి_లెక్చరర్
అదే ఆలోచిస్తున్నాను. వాళ్ల ఒంటి గంటకు వెళ్తే గేటు తీయరు, మన ఒంటి గంటకు వెళ్తే అందరూ భోజనానికి పోయి ఉంటారు.